తూములు లేని తాండవ

వానలు మొదలైతే తుని వైపు జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త తప్పదు. తాండవ జలాశయం పూర్తి మట్టం 380 అడుగులు, ఇవాళ ఇన్ని అడుగులుంది, పైనుంచి ఇన్ని క్యూసెక్కులు చేరుతోంది అని. కోటనందూరు రైతుకి ఆ అడుగులతో పని తీరదు. తూములు ఎప్పుడు ఎత్తుతారు, మా శివారుకి ఎన్నాళ్ళకొస్తుంది, ఈలోగా పైవాళ్ళు ఎంత కట్టేసుకుంటారు, ఇవీ అతని ప్రశ్నలు. వీటికి ఊడ్పులకు ముందే జవాబు చెప్పాలని కంప్యూటర్లో పరీవాహక నమూనాలు కట్టేవాళ్ళు మూడు దశాబ్దాలుగా తంటాలు పడుతున్నారు. వాన ఎంత, నేల ఎలాంటిది, వాలు ఎటు, పంట ఏది అని చెబితే నది పారే తీరును ఆ నమూనాలు బాగానే అంచనా కడతాయి. ఆ నీటిని మనుషులు పంచుకునే తీరును వాటికి చెప్పడం దగ్గరే చిక్కు. చాలామంది ఆ పనిని చివరి రోజున, మిగిలిన గడులు నింపేసినట్టు ముగిస్తారు. నా దృష్టిలో తాండవ లాంటి నదికి అది చివరి పని కాదు, మొదటి పని.

తాండవ పెద్ద నది కాదు. తూర్పు కనుమల్లో పుట్టి, నాతవరం మండలంలో జలాశయమై ఆగి, తుని, పాయకరావుపేటల మధ్యనుంచి పోయి పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంతెనకు ఇవతల తుని, అవతల పాయకరావుపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇవతల కాకినాడ జిల్లా, అవతల అనకాపల్లి జిల్లా. జలాశయం ఒక జిల్లాలో, ఆయకట్టు రెండింట్లో. కాగితం మీద ఆయకట్టు 51,465 ఎకరాలు, నిల్వ దాదాపు 5 టీఎంసీలు.

ఈ రెండంకెల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. నిండు జలాశయాన్ని మొత్తం ఆయకట్టు మీద సమంగా పరిస్తే మడిలో 68 సెంటీమీటర్ల లోతు నీరు నిలుస్తుంది. అదీ ఆవిరిని, కాలువ ఊటని, తూముకి అందని అడుగు నిల్వని తీసేయకముందు. టీఎంసీకి ఆరు వేల ఎకరాల వరి అని మన ఇంజనీర్లు నోటి లెక్కగా వాడే కొలత ప్రకారం చూస్తే మడికి కావలసింది 117 సెంటీమీటర్లు. మిగతాది ఎక్కడిది? కొంత మడి మీదే కురిసే వాన. కొంత, పంట నడుస్తుండగా జలాశయంలోకి మళ్ళీ చేరే నీరు. అంటే ఆయకట్టు అంకె జలాశయం ఇచ్చిన మాట కాదు, జలాశయమూ వానా కలిసి ఇచ్చిన మాట. నమూనాలో 'కేటాయింపు' అనే గడిలో ఏటా ఒకే అంకె రాసేవాళ్ళు ఈ ఉమ్మడి మాటను ఒక్కరి నెత్తిన పెడుతున్నారు.

ఇంతవరకు ఈ రంగంలో జరిగిందేమిటో చూద్దాం. మన దేశంలో ఎక్కువగా వాడే స్వాట్ నమూనాను 1990ల మొదట్లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకుడు జెఫ్ ఆర్నాల్డ్, ఆయన సహచరులు టెక్సాస్‌లోని టెంపుల్‌లో తయారు చేశారు. సేద్యం తీరు మారితే నదిలో నీరు, ఒండ్రు, రసాయనాలు ఎలా మారతాయో చూడటం దాని పుట్టుక లక్ష్యం. నీళ్ళ పంపకం దానికి తర్వాత అతికిన చెయ్యి. 'నీరు పల్లమెరుగు' అన్న సామెతే దాని పునాది. ఎత్తుపల్లాల పటం ఇస్తే పరీవాహకాన్ని తనే ముక్కలుగా కోసుకుంటుంది, ప్రతి ముక్క నీటినీ పల్లానికి నడిపిస్తుంది. మన కాలువలేమో ఆ పల్లాన్ని పట్టించుకోకుండా గట్టు వెంబడి సాగుతాయి. ఏలేశ్వరం నుంచి విశాఖపట్నం దాకా 153 కిలోమీటర్లు నడిచే ఏలేరు ఎడమ కాలువ తాండవ పరీవాహకాన్ని అడ్డంగా దాటిపోతుంది. ఎత్తుపల్లాల పటం చూసి నది గీసుకునే నమూనాకి ఆ కాలువ ఉన్నట్టే తెలియదు.

2006లో గోసాయిన్, ఆయన సహచరులు కరెంట్ సైన్స్‌లో వెలువరించిన పత్రం మన నదుల మీద స్వాట్ ప్రయోగాల్లో ముందు చెప్పుకోవలసింది. పన్నెండు నదీ పరీవాహకాల మీద వాతావరణ మార్పు ప్రభావాన్ని అంచనా కట్టారు. ఆనకట్టలు, మళ్ళింపులు ఏవీ లేవనుకుని లెక్క చేశారు, ఆ సంగతి దాచకుండా చెప్పారు కూడా. దేశమంతటినీ ఒక చూపులో చూడాలంటే అది తప్పనిసరి. ఆ తర్వాత ఆ పద్ధతిని చిన్న చిన్న నదులకు కూడా కళ్ళు మూసుకుని దించుకున్నవాళ్ళది పొరపాటు. తూముల్లేని కృష్ణ ఒక ఊహగా పనికొస్తుంది. తూముల్లేని తాండవ ఎవరికి పనికొస్తుందో నాకు తోచదు.

2008లో భీమా ఎగువ పరీవాహకం మీద ఇమ్మర్‌జీల్ బృందం ఇంకో దారి తొక్కింది. నదిలో కొలిచిన ప్రవాహాన్ని మాత్రమే నమ్ముకోకుండా, ఉపగ్రహ చిత్రాల నుంచి పొలాల్లో ఆవిరయ్యే నీటిని అంచనా కట్టి దానితో స్వాట్‌ను సరిచూసింది. కాలువ లెక్కల పుస్తకాలు దొరకని చోట ఇది మంచి ఉపాయం. నీళ్ళు అందిన మడి, అందని మడి పైనుంచి చూస్తే తేడాగా కనిపిస్తాయి కదా. 2012లో ఇక్రిశాట్ పరిశోధకులు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి వాటర్‌షెడ్‌కి స్వాట్‌ను వాడి, చెక్‌డ్యాములూ పొలంగట్లూ నీటి లెక్కను ఎలా మార్చాయో చూపించారు. అది మెట్ట ఊరు. అక్కడ నీరు ఆగేది ఊళ్ళోనే, వాడేది ఊళ్ళోనే. కాలువ రాజకీయం అక్కడ లేదు.

స్టాక్‌హోమ్ పర్యావరణ సంస్థ వాళ్ళ వీప్ నమూనా స్వాట్‌కి పూర్తిగా ఎదురు చివర నుంచి మొదలవుతుంది. దానికి వాన కన్నా వాటా ముఖ్యం. ఒక్కో వాడకందారుకి 1 నుంచి 99 దాకా ప్రాధాన్యం అంకె ఇస్తాం. 1 అంటే ముందు, 99 అంటే అందరి తర్వాత. నీరు చాలనప్పుడు ఆ వరుసలో పంచుతుంది. నేల, పంటల సంగతి మాత్రం వీప్, స్వాట్ అంత లోతుగా పట్టించుకోదు. ఈ రెంటి మధ్య లోటును పూడ్చడానికే కొత్త తరం స్వాట్ ప్లస్‌లో నీటి కేటాయింపు పట్టిక తెచ్చారు. వాడేది ఎవరు, ఏ మూలం నుంచి, ఆ మూలంలో నెలవారీగా ఎంత మిగల్చాలి, ఒక మూలం ఎండితే రెండోదాన్నుంచి తీసుకోవచ్చా, ఎవరి హక్కు ముందు, ఎవరిది వెనక, ఇవన్నీ ఆ పట్టికలో వరుసలు.

ఆ 'ముందు హక్కు, వెనక హక్కు' అమెరికా పడమటి రాష్ట్రాల సంప్రదాయం. అక్కడ నదిని మొదట వాడినవాడికి మొదటి హక్కు. మన ఆయకట్టులో చట్టం దృష్టికి తూము పక్క ఎకరం, శివారు ఎకరం సమానం. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చి నీటి సంఘాలు ఏర్పడ్డాక ఆ సమానత్వానికి ఒక వేదిక కూడా దొరికింది. నేల మీద జరిగేది మాత్రం వేరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం, కొరత ఏళ్ళలో కోత అందరికీ సమంగా పడదని, శివారు ముందు ఎండుతుందని అంకెలతో చూపింది. తుని శివారు రైతుకి ఆ అధ్యయనం అక్కర్లేదనుకోండి.

తమాషా ఏమిటంటే, పాత స్వాట్‌లో వంతు అనే గడే లేదు. లెక్కలో ముందొచ్చిన మడి తనకు కావలసింది తీసుకుంటుంది, మిగిలితే తర్వాతి దానికి. శాస్త్రవేత్తలు దీన్ని లోపం అంటారు. మన పిల్లకాలువల మీద కాపలాకి లస్కరు లేని రాత్రి జరిగేది అచ్చం అదే. కాబట్టి నేనైతే కొత్త పట్టికతో రెండుసార్లు నడపమంటాను. ఒకసారి శివారుకి ముందు హక్కు ఇచ్చి, ఇంకోసారి తూము పక్క మడులకి ముందు హక్కు ఇచ్చి. మొదటిది సమావేశాల్లో చెప్పే మాట, రెండోది కాలువ మీద జరిగే పని. రెండింటి మధ్య తేడాగా వచ్చే ఎకరాలు ఆ కాలువకి ఎంత కాపలా, ఎంత లైనింగ్, ఎన్ని షట్టర్లు కావాలో చెబుతాయి.

ఇక గడుల సంగతికి వద్దాం. మొదటిది, నీరు ఎక్కడి నుంచి. స్వాట్ ప్రతి సాగు ముక్కకీ ఒక మూలం అడుగుతుంది. నది, జలాశయం, పై పొర భూగర్భజలం, లోతు పొర భూగర్భజలం, లేదా పరీవాహకం బయటి నుంచి. ఆయకట్టు వేరే ముక్కలో ఉన్నా ఫలానా జలాశయం నుంచి అని చెప్పే వీలుంది కాబట్టి తాండవ కాలువల్ని చూపించడం కుదురుతుంది. అసలు ఉచ్చు ఆ చివరి మాటలో ఉంది. 'బయటి నుంచి' అని రాసిన క్షణం నుంచి ఆ నీటికి అంతు ఉండదు. నమూనా ఎంత అడిగితే అంత వస్తుంది, కరువు ఏడాదైనా సరే. పొరుగు నది నుంచి తెచ్చే నీటి పథకాలను ఇలా రాసి, శివారు ఎకరం కూడా పచ్చగా పండినట్టు పటాలు వేసే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

రెండోది, నీరు ఎప్పుడు. నమూనాలో తేలిక దారి ఒకటుంది. పైరు దాహం ఒక హద్దు దాటగానే తనంతట తనే తడిపేసే ఏర్పాటు. బోరు కింద మిరపకైతే అది కొంత నిజం. కాలువ కింద వరికి అది ఏమాత్రం కుదరదు. మడిలో నీరు నిలవాలి, దమ్ముకి ఒక్కసారిగా కావాలి, ఊడ్పుల పదిహేను రోజుల్లో ఆయకట్టంతా ఒకేసారి అడుగుతుంది. తూము మాత్రం పైరు దాహం చూసి లేవదు. ఇరిగేషన్ అడ్వైజరీ బోర్డు సమావేశంలో తేదీ ఖాయమైతే లేస్తుంది. ఆ సమావేశాల మినిట్స్, డివిజన్ ఆఫీసుల్లోని రోజువారీ విడుదల రిజిస్టర్లు, ఇవే ఈ గడికి నిజమైన ఇన్‌పుట్. మట్టి పరీక్షల కోసం లక్షలు పెట్టే ప్రాజెక్టులు ఆ రిజిస్టర్‌ను టైపు చేయించడానికి ఒక మనిషిని పెట్టవెందుకో.

పంట క్యాలెండరు కూడా అంతే. తాండవ పేరు మీద పాయకరావుపేటలో సహకార చక్కెర కర్మాగారం వెలిసిన నేల ఇది. చెరకు ఏడాది పొడుగునా నీరడుగుతుంది, సార్వా వరి నాలుగైదు నెలలే. చెరకు మడి వరి మడిగా, వరి మడి సరుగుడు తోటగా మారితే కేటాయింపు కాగితం మీద ఎకరాలు మారవు గానీ నెలవారీ అంకెలన్నీ తారుమారవుతాయి. ఏ భూమికి ఏ పంటకు నీరో తేల్చిన పాత లోకలైజేషన్ ఉత్తర్వు చూసి గడులు నింపేవాళ్ళు ఎప్పుడో తీసిన ఫోటోతో ఇవాళ్టి మనిషిని పోల్చుకోబోతున్నట్టే.

మూడోది తాగునీరు. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. 2011 జనాభా లెక్కల్లో తుని పట్టణ జనం 53,425. తలకు రోజుకి 135 లీటర్ల ప్రమాణం వేస్తే రోజుకి సుమారు 7,200 ఘనపు మీటర్లు, అంటే మూడు క్యూసెక్కులు. ఏడాది మొత్తం కలిపినా టీఎంసీలో పదో వంతు కాదు. జాతీయ జల విధానాలన్నీ తాగునీటికి మొదటి స్థానం ఇచ్చాయి, 1987 నుంచీ. కానీ నమూనాలో ఆ మొదటి స్థానం విలువ పరిమాణంలో లేదు, నమ్మకంలో ఉంది. మే నెలలో తాండవ ఇసుక తేలినప్పుడు కూడా ఆ మూడు క్యూసెక్కులు దొరకాలి. కాబట్టి తాగునీటిని సగటుగా రాస్తే ప్రయోజనం లేదు. నెలవారీగా, ఎంత కరువులోనైనా జలాశయంలో మిగల్చాల్సిన కనీస నిల్వగా రాయాలి.

ఈ చోటనే జస్టిస్ బచావత్ గుర్తొస్తారు. ఆయన అధ్యక్షత వహించిన కృష్ణా ట్రిబ్యునల్ తీర్పులో తాగునీటికి మళ్ళించిన దాంట్లో 20 శాతమే ఖర్చయినట్టు, పరిశ్రమలకు మళ్ళించిన దాంట్లో రెండున్నర శాతమే ఖర్చయినట్టు లెక్క వేయాలన్నారు. మిగిలింది ఏదో దారిన నదికి తిరిగొస్తుందని. సాగునీటికి కూడా తిరిగొచ్చే భాగాన్ని ఏడున్నర శాతంగా లెక్కగట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి చెప్పుకునే 811 టీఎంసీల్లో 800 అసలు కేటాయింపు, 11 ఆ తిరుగు నీరు. దశాబ్దాలుగా మనం కంఠతా వల్లించే ఆ అంకెలో ఒక ముక్క, నీరు మళ్ళీ నీరే అవుతుందన్న ఊహ. స్వాట్‌లోని నీటి వాడకం ఫైలు ఈ ఊహను ఒప్పుకోదు. అందులో రాసిందల్లా పరీవాహకం నుంచి పూర్తిగా పోయినట్టే. తుని కొళాయి నీటిని పూర్తిగా అందులో రాస్తే తప్పు చిన్నది. కాలువ నీటిని రాస్తే తప్పు పెద్దది, ఎందుకంటే పై మడి మురుగే కింద మడికి కాలువ. తాండవ దిగువన మురుగు కోడుకి అడ్డుకట్ట వేసి ఇంజన్ పెట్టి తోడుకునే రైతును ఆ ఫైలు ఒక్క అంకెతో మాయం చేసేస్తుంది. జలాశయం ఫైలులో తీసిన నీటిలో తిరిగొచ్చే భాగం అనే గడి వేరే ఉంది, చాలామంది దాన్ని సున్నాగా వదిలేస్తారు.

కొలతల గందరగోళం గురించి కూడా ఒక మాట. మన జలాశయం అడుగుల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో, నిల్వ టీఎంసీల్లో, భూమి ఎకరాల్లో. స్వాట్ అడిగేది హెక్టార్లు, రోజుకి పదివేల ఘనపు మీటర్లు. దాని ఒక యూనిట్ మన నాలుగు క్యూసెక్కుల పైచిలుకు. వంద క్యూసెక్కులు అంటే అక్కడ 24.5. ఆ గడిలో 100 అని యథాతథంగా వేసి, మార్చి కల్లా ఎండిపోయిన జలాశయాన్ని చూసి వాతావరణ మార్పు అని బెంబేలెత్తినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 380 అడుగులను నిల్వగా మార్చడానికి కెపాసిటీ టేబుల్ కావాలి. అది కట్టినప్పటిదా, పూడిక కొలిచాక సవరించిందా అన్నది తెలుసుకోకుండా వేసిన అంకె మీద మిగతా ఎన్ని గడులు జాగ్రత్తగా నింపినా వృథా.

ఈ తప్పులన్నీ బయటపడితే బాధ లేదు. బయటపడవు. నమూనా ప్రవాహాన్ని కొలిచిన ప్రవాహంతో పోల్చి శ్రుతి చేసేటప్పుడు, తేడా కనిపిస్తే నేల లక్షణాలను అటూ ఇటూ జరుపుతాం. ఆనకట్ట దిగువన కొలిచిన ప్రవాహం వాన పారించింది కాదు, తూము వదిలింది. తూము సంగతి నమూనాకి చెప్పకుండా శ్రుతి చేస్తే, తూము చేసిన పనిని నేల మీదకి తోసేస్తాం. ఇసుక నేల బంకమన్ను అవుతుంది, అడవి బీడు అవుతుంది, పోలిక రేఖ మాత్రం ముచ్చటగా కుదురుతుంది. అలాంటి నమూనాతో 'ఇంకో పదివేల ఎకరాలు ఇవ్వవచ్చా' అని అడిగితే అది నిస్సంకోచంగా జవాబిస్తుంది. అదే భయం. జలాశయంలోకి చేరిన నీటిని, అందులోంచి వదిలిన నీటిని విడివిడిగా పోల్చడమే దీనికి విరుగుడు. ఏపీలో జలవనరుల సమాచార వ్యవస్థ జలాశయాల మట్టాలను రోజువారీగా చూపిస్తున్న కాలంలో ఇది మరీ కష్టమేమీ కాదు.

బోర్ల గురించి తక్కువే చెబుతాను, చెప్పడానికి నమ్మకమైన అంకె తక్కువ కాబట్టి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. మీటరు లెక్క లేదు, తోడిన గంటల లెక్క లేదు. పెంటకోట వైపు తీరంలో ఎక్కువ తోడితే ఉప్పు లోపలికి జరుగుతుంది, దాన్ని స్వాట్ తనంతట పట్టుకోలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏలేరు, తాండవ కాలువల అనుసంధానానికి 470 కోట్ల రూపాయల పథకం మంజూరై, 2022 డిసెంబరు 30న నర్సీపట్నం దగ్గర శంకుస్థాపన జరిగింది. పాత 51,465 ఎకరాల స్థిరీకరణ, కొత్తగా 5,600 ఎకరాలు దాని లక్ష్యం. దీన్ని నమూనాలో పెట్టాలంటే 'బయటి నుంచి' అని రాసి ఊరుకుంటే చాలా సులువు, ఫలితమూ ఆనందంగా ఉంటుంది. కానీ ఏలేరూ తాండవా ఇరుగుపొరుగు నదులు. ఒకే అల్పపీడనం రెండింటినీ నింపుతుంది. 2012 నవంబరులో నీలం తుపాను వానలు ఈ రెండు పరీవాహకాలనీ కలిపే ముంచాయి. ఒకే కరువు రెండింటినీ ఎండగడుతుంది. తాండవకి అవసరం ముదిరిన ఏడాది ఏలేరుకి కూడా అవసరం ముదురుతుంది. అందుచేత ఏలేరు పరీవాహకాన్ని కూడా అదే వానతో, అదే ఏళ్ళతో నమూనాలో నడిపి, దాని సొంత ఆయకట్టు తాగగా, విశాఖ నగరమూ ఉక్కు కర్మాగారమూ తీసుకోగా మిగిలిందే ఈ గడిలో రాయాలి.

వేరే వాన నుంచి వచ్చే నీరు గోదావరిది ఒక్కటే. 2017 ఆగస్టు 15న ప్రారంభించిన పురుషోత్తపట్నం ఎత్తిపోతల ఆ నీటిని ఏలేరు దాకా తెచ్చే దారి వేసింది. అయితే ఎత్తిపోతలకు నీరు పుష్కలంగా దొరికేది గోదావరి వరద నెలల్లో. తుని మెట్టలో నారుమడికి నీరు కావలసింది జూన్‌లో. 181 కిలోమీటర్లకు పైగా పొడవుతో తునిని దాటి పోలవరం ఎడమ కాలువ పూర్తిగా పారితే, దాని ద్వారా విశాఖకు రాసిన 23.44 టీఎంసీలు చేరితే, ఏలేరు మీద నగరం బరువు తగ్గుతుంది. అప్పుడు తాండవ అనుసంధానం గడిలో వేసే అంకె నిజంగా పెరుగుతుంది. ఈలోగా 2025 జనవరి 8న నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకి పునాది పడింది. పట్టికలో ఇంకో వాడకందారు వరుస చేరింది, అదీ ఏడాది పొడుగునా ఒకే తీరుగా నీరడిగేది. పోలవరం నీరు వచ్చేదాకా, ఏలేరు నుంచి తాండవకి జూన్ నెలలో ఎంత వస్తుందో రాయాలంటే తునిలో కూర్చున్న నమూనాకారుడు ముందు విశాఖ కొళాయిల్ని అడగాలి.